ఉత్తుత్తి నిశ్చితార్థం మీద నవ్వించే ప్రేమ నవల ఎలా రాయాలి: బెజవాడ, గుంటూరు మనుషులతో

ఈ మధ్య నన్ను కలిసిన కొత్త రచయితల్లో చాలామంది ఒకే ప్రశ్న అడుగుతున్నారు. "ఇద్దరు ఉత్తుత్తిగా నిశ్చితార్థం చేసుకుంటారు, తర్వాత నిజంగానే ప్రేమలో పడతారు. ఆలోచన బావుంది కానీ పదో అధ్యాయం దాటట్లేదు. ఏం చేయాలి?" వాళ్ల రాతప్రతులు చదివితే కారణం దాదాపు ఒకటే కనిపిస్తోంది. అబద్ధం ఎలా మొదలైందో చక్కగా రాస్తున్నారు. దాన్ని ఎందుకు ఆపలేకపోతున్నారో మాత్రం రాయట్లేదు. ఇద్దరూ ఒక సాయంత్రం పెద్దవాళ్ల ముందు కూర్చుని "మేం ఉత్తినే అన్నామండీ" అంటే తీరిపోయే కథ మూడు వందల పేజీలు నడవదు.

మన దగ్గర ఆ మాట అనడం అంత తేలిక కాదు. తాంబూలాలు మారిన క్షణం నుంచి ఆ సంబంధం రెండు ఇళ్లదైపోతుంది. పిన్నికి తెలుస్తుంది, పక్కవాటా వాళ్లకు తెలుస్తుంది, కిరాణా కొట్టాయనకు కూడా తెలుస్తుంది. మీ కథకు బలం అక్కడుంది. కింద చెప్పేదంతా దాన్ని వాడుకోవడం గురించే.

కావలసినవి

- రెండు వందల పేజీల నోటుపుస్తకం ఒకటి. అందులో రాసేది నవల కాదు, చిట్టా. దేనికో నాలుగో మెట్టులో చెప్తాను.
- మీ కథ జరిగే సంవత్సరపు పంచాంగం. గోడ క్యాలెండర్ అయినా సరిపోతుంది.
- పెళ్లిళ్ల మాటలు బాగా తెలిసిన పెద్దావిడ ఒకరు. పిన్నో, అత్తో, ఎదురింటావిడో. ఆవిడ దగ్గర రెండు మధ్యాహ్నాలు కూర్చోండి.
- విజయవాడ నుంచి గుంటూరుకు ఒకసారి, తిరిగి ఒకసారి బస్సు ప్రయాణం. మీది ఆ ఊరే అయినా వెళ్లండి. ఈసారి రాసుకోవడానికి వెళ్తున్నారు.
- యూనికోడ్‌లో టైపు చేసే అలవాటు. కాగితం మీద రాసినా ఇబ్బంది లేదు, తర్వాత ఎక్కించుకోవచ్చు.

నేను చెప్పే కొలత 25 నుంచి 30 అధ్యాయాలు, ఒక్కొక్కటి 1,800 మాటలకు కాస్త అటూఇటూ. వారానికి రెండు అధ్యాయాలు రాస్తే నాలుగు నెలల్లో మొదటి ప్రతి చేతికొస్తుంది.

1. ఇద్దరికీ చెరో అవసరం ఇవ్వండి

ఒకరికే అవసరం ఉంటే రెండోవాళ్లు జాలిపడి సాయం చేసినట్టు అవుతుంది. ప్రేమకు అది బలమైన పునాది కాదు. ఇద్దరికీ అవసరం ఉండాలి, అది తమ కోసం కాకుండా ఇంట్లో ఇంకొకరి కోసమైతే మరీ మంచిది. పాఠకులు ఆ అబద్ధాన్ని క్షమించేస్తారు.

వ్యాసం పొడుగునా వాడుకోవడానికి ఒక ఉదాహరణ అనుకుందాం. హైమకు 29 ఏళ్లు. బెజవాడ సత్యనారాయణపురంలో ఇల్లు, గవర్నర్‌పేటలో ఒక ఆడిటర్ దగ్గర ఉద్యోగం. చెల్లెలికి మంచి సంబంధం కుదిరింది, చెల్లెలికీ ఆ అబ్బాయి నచ్చాడు. మగపెళ్లివారు ఒక్క మాట అన్నారు: "పెద్దమ్మాయికి కనీసం మాట ఖాయమైతే బావుంటుందండీ." అంతే, చెల్లెలి పెళ్లి హైమ మెడకు చుట్టుకుంది.

కోటేశ్వరరావుది గుంటూరు, అందరూ కోటి అంటారు. కోటప్పకొండ స్వామి పేరు ఆ ప్రాంతంలో ఇంటింటా వినిపిస్తుంది కాబట్టి పాత్రకు ఊరి వాసన పేరుతోనే వచ్చేసింది. నాన్న మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారి. మేనమామ కూతుర్ని చేసుకోమని ఇంట్లో పోరు. ఆ పిల్లకు వేరే ఆశలున్నాయి, ఆ సంగతి కోటికి ఒక్కడికే తెలుసు. ఆ పిల్ల కాదంటే అన్నాచెల్లెళ్ల మధ్య, అంటే మేనమామకూ కోటి అమ్మకూ మధ్య మాటలు ఆగిపోతాయి. అదే కోటి "నేను వేరే అమ్మాయిని ఇష్టపడ్డాను" అంటే తిట్లన్నీ వాడి ఒక్కడి మీదే పడతాయి.

హెచ్చరిక: చావుబతుకుల్లో ఉన్న బామ్మ చివరి కోరిక జోలికి వెళ్లకండి. నవ్వాల్సిన చోట పాఠకుడు ఆవిడ మందుల గురించి ఆలోచిస్తుంటాడు. నవల చివర ఆవిడ కోలుకుంటే మోసపోయినట్టుంటుంది, పోతే నవ్వినందుకు తప్పు చేసినట్టుంటుంది.

2. విప్పలేని ముడి వేయండి

ఇక్కడ ఎంత సమయం పెట్టినా తప్పు లేదు. ఒక కాగితం తీసుకుని పైన "ఈరోజే నిజం చెప్పేస్తే ఏమవుతుంది?" అని రాయండి. కింద జవాబు రాయండి. కథలో ప్రతి పది రోజులకూ ఒకసారి అదే ప్రశ్న వేసుకోండి. ప్రతిసారీ జవాబు కొత్తగా ఉండాలి, ముందటికన్నా బరువుగా ఉండాలి.

మన ఉదాహరణలో ఇలా పెరుగుతుంది.

మొదటి వారం నిజం చెప్తే చెల్లెలి సంబంధం తప్పిపోతుంది. మూడో వారానికి కోటి అమ్మ తన పెళ్లినాటి గాజులు హైమ చేతికి తొడిగేసింది. ఇప్పుడు చెప్తే ఆవిడ మనసు విరుగుతుంది. రెండో నెలలో హైమ నాన్న కల్యాణ మండపానికి అడ్వాన్స్ కట్టాడు. ఆ డబ్బు ఎక్కడిదంటే ఆయన ప్రావిడెంట్ ఫండ్‌లోంచి తీసింది. తర్వాత పెద్దవాళ్లకు ఒక ఆలోచన వచ్చింది: "ఎటూ మండపం తీసుకున్నాం, వంటవాళ్లు వాళ్లే, చుట్టాలు వాళ్లే. అక్కాచెల్లెళ్లిద్దరి పెళ్లీ ఒకే పందిట్లో చేసేస్తే పోదా?"

ఈ చివరి మాట దగ్గర నవల సగానికి వస్తుంది. ఉత్తుత్తి నిశ్చితార్థం కాస్తా తేదీ ఉన్న పెళ్లి అయిపోయింది. ఈ మలుపులో విలన్ ఎవరూ లేరన్నది గమనించండి. అందరూ ప్రేమతోనే చేశారు, ఖర్చు కలిసొస్తుందనే చేశారు. విలన్‌ని తెస్తే ఇద్దరూ కలిసి వాడి మీద పోరాడతారు, అబద్ధం పక్కకు పోతుంది. మంచివాళ్లను మోసం చేస్తున్నామన్న బాధ ఉంటేనే ఇద్దరూ రాత్రుళ్లు ఫోన్ చేసుకుంటారు, మాట్లాడుకుంటారు, ఒకళ్లనొకళ్లు తెలుసుకుంటారు.

సరిచూసుకోవడం ఇలా: మీ జాబితాలో నాలుగు జవాబులు రాకపోతే కథ ఇంకా తయారు కాలేదు. రాయడం మొదలుపెట్టకండి.

3. పంచాంగం ముందు పెట్టుకుని రోజులు లెక్కేయండి

విదేశీ నవలల్లో రచయితలు గడువు కోసం తంటాలు పడాలి. మనకు పంచాంగం ఇచ్చేస్తుంది. ఆషాఢంలో పెళ్లిళ్లు పెట్టరు. మూఢంలో పెట్టరు. డిసెంబరు మధ్య నుంచి సంక్రాంతి దాకా ధనుర్మాసం. అంటే "ఇప్పుడు ముహూర్తాల్లేవు కదండీ" అని మీ పాత్రలు ఊపిరి పీల్చుకునే రోజులు ఏడాదిలో బోలెడు. శ్రావణం వచ్చిందంటే ఆ ఊపిరి ఆగిపోతుంది.

2025లో కథ పెట్టుకుంటే ఆషాఢం జూన్ 26 నుంచి జూలై 24 వరకు. ఏప్రిల్ నెలాఖరులో తాంబూలాలు, ఆగస్టులో శ్రావణ ముహూర్తం. మధ్యలో ఆషాఢం సేల్‌లో పెళ్లి చీరలు కొనడానికి బీసెంట్ రోడ్డంతా తిరగడం. ఆగస్టు 8న వరలక్ష్మీ వ్రతం. కాబోయే కోడలికి అత్తగారింటి నుంచి చీర, పసుపుకుంకుమలు, పళ్లు వస్తాయి. రెండిళ్ల మధ్య పళ్లేలు తిరిగే కొద్దీ చిట్టా పెరుగుతుంది.

జాగ్రత్త పడాల్సినవి రెండు. ఒకటి అధిక మాసం. 2023లో శ్రావణం రెండుసార్లు వచ్చింది, మొదటిది అధిక శ్రావణం. అందులో ముహూర్తం పెట్టి పెళ్లి చేయించిన కథ ఒకటి నా దగ్గరికొచ్చింది. చదివిన పెద్దావిడ రెండో పేజీలోనే పట్టేసుకున్నారు. 2026లో జ్యేష్ఠం అధికం, అదీ చూసుకోండి. రెండోది ఊళ్లో జరిగిన పెద్ద సంఘటనలు. 2024 సెప్టెంబరు మొదటి వారంలో బుడమేరు పొంగి బెజవాడ సింగ్ నగర్ నీళ్లలో ఉంది. ఆ వారంలో మీ హీరో అక్కడ స్కూటర్ మీద శుభలేఖలు పంచుతుంటే ఊరివాళ్లు పుస్తకం మూసేస్తారు. కనకదుర్గ ఫ్లైఓవర్ మీదుగా బండి పోనివ్వాలంటే కథ 2020 అక్టోబరు తర్వాత జరగాలి.

తేదీలు పెట్టడం ఇష్టం లేకపోతే సంవత్సరం చెప్పకుండా "ఆ ఏడు" అని వదిలేయండి. మాసాల వరుస మాత్రం తప్పకూడదు.

4. చిట్టా రాయండి

ఆ నోటుపుస్తకంలో ప్రతి అధ్యాయానికీ ఒక పేజీ. పేజీకి మూడు గళ్లు.

మొదటి గడిలో నిజం ఎవరికి తెలుసు, ఎవరికి అనుమానం ఉంది. రెండో గడిలో ఎవరు ఎవరికి ఏం ఇచ్చారు: గాజులు, చీర, అడ్వాన్స్, మామిడిపళ్ల బుట్ట, ఏదైనా. మూడో గడిలో ఏ అబద్ధం ఎవరికి ఏ మాటల్లో చెప్పారు. హైమ తన పిన్నితో "కోటిని బ్యాంకులో కలిశాను" అని, కోటి వాళ్ల అత్తతో "బస్సులో పరిచయం" అని చెప్పి ఉంటే ఆ రెండూ ఇక్కడ రాసి ఉండాలి. ఎప్పుడో ఒకప్పుడు పిన్నీ అత్తా ఒకే బంతిలో పక్కపక్కన కూర్చుంటారు. ఆ సన్నివేశం కోసం మీరు వెతుక్కోనక్కర్లేదు, చిట్టాలోనే ఉంటుంది.

నా మొదటి నవల చిట్టా లేకుండా రాశాను. నిజం తెలిసిపోయిన బాబాయ్ నాలుగు అధ్యాయాల తర్వాత మళ్లీ ఆశ్చర్యపోయాడు. అచ్చయ్యాక ఒక పాఠకురాలు ఉత్తరం రాసి చెప్పేదాకా నాకు తెలియలేదు. అప్పటి నుంచి చిట్టా లేకుండా రాయలేదు.

5. తాంబూలాల సన్నివేశం

ఈ నవలకు ఇది గుండెకాయ. చాలామంది దీన్ని ఒక పేరాలో తేల్చేస్తారు: ఉంగరాలు మార్చుకున్నారు, ఫొటోలు దిగారు, భోంచేశారు. దయచేసి అలా చేయకండి. కనీసం రెండు అధ్యాయాలు ఇవ్వండి. ఇక్కడి ప్రతి చిన్న పనీ తర్వాత ఒక ముడి అవుతుంది.

మీరు కూర్చోబెట్టి అడిగిన పెద్దావిడ చెప్పిన క్రమం రాసుకోండి. ఇళ్లను బట్టి, కులాన్ని బట్టి పద్ధతులు మారతాయి. మామూలుగా అయితే మగపెళ్లివారు పళ్లేలతో వస్తారు. తమలపాకులు, వక్కలు, పసుపుకుంకుమలు, అరటిపళ్లు, కొబ్బరికాయలు, చీర. అమ్మాయికి బొట్టు పెట్టి చీర ఇస్తారు. అమ్మాయి లోపలికెళ్లి అదే చీర కట్టుకుని వస్తుంది. పురోహితుడు గోత్రాలు, తాతల పేర్లు చదువుతాడు. పెద్దలు తాంబూలాలు మార్చుకుంటారు. ఇప్పుడు దీనికి ఉంగరాలు, కేకు, స్టేజీ, ఫొటోగ్రాఫర్ చేరారు.

ఈ క్రమంలో మీ కథకు పనికొచ్చే చోట్లు మూడున్నాయి.

గోత్రం అడిగే చోటు. ఇద్దరూ అన్నీ మాట్లాడుకున్నారు, ఇదొక్కటే మర్చిపోయారు. ఇద్దరిదీ ఒకే గోత్రమైతే అక్కడికక్కడే సంబంధం చెడిపోతుంది, కథ ఆగిపోతుంది. ఒక్క నిమిషం ఆ భయం ఉంచి, తర్వాత వేరు వేరని తేల్చండి. ఆ నిమిషంలో ఇద్దరి ముఖాల్లో దిగులు కనిపించాలి. ఉత్తుత్తి సంబంధం చెడితే దిగులెందుకో వాళ్లకూ తెలియదు. పాఠకుడికి తెలుస్తుంది.

చీర మార్చుకునే గది. హైమ ఒంటరిగా అద్దం ముందు ఉండే ఒకే ఒక్క చోటు ఇది. కోటి అమ్మ ఆ చీర కోసం ఎన్ని కొట్లు తిరిగిందో బయట నుంచి వినిపించేలా పెట్టండి. అబద్ధం బరువు ఆమెకు మొదటిసారి తెలిసేది ఇక్కడే.

కట్నం మాట. 1961 నుంచి కట్నం ఇవ్వడం, తీసుకోవడం నేరం. అయినా ఆ మాట వస్తుంది. కోటి "మాకేమీ వద్దు" అంటాడు, ఎటూ జరగని పెళ్లి కదా అని. వెంటనే హైమ మేనత్తకు అనుమానం మొదలవుతుంది: "ఏమీ వద్దంటున్నారంటే ఏదో ఉంది." ఆవిడ గుంటూరులో వాకబు చేయడానికి బయల్దేరుతుంది. మంచి మాట వల్ల చిక్కు రావడం ఈ రకం నవలకు చాలా అందం. కానీ కట్నాన్నే జోకుగా మార్చకండి. చదివేవాళ్లలో దానివల్ల ఏడ్చిన ఇళ్లవాళ్లు ఉంటారు.

కులం సంగతి కూడా ఇక్కడే తేల్చుకోవాలి. దాని ఊసే లేకుండా మన ఊళ్లో పెళ్లిమాటల నవల రాస్తే ఎవరూ నమ్మరు. ఇద్దరిదీ వేరు వేరు కులాలైతే పెద్దవాళ్లే అడ్డు పడతారు, అది వేరే నవల, దానికి వేరే బాధ్యత ఉంటుంది. ఈ కథకు ఒకే కులమైతే మేలని నా అభిప్రాయం. కాదనడానికి పెద్దవాళ్లకు ఒక్క సాకూ దొరకదు, సంతోషంతో పరుగులు పెడతారు. తప్పించుకునే దారి మూసుకుపోతుంది.

6. పిలుపులతో ప్రేమను కొలవండి

మన భాషలో ఇదొక వరం. "నేను నిన్ను ప్రేమిస్తున్నాను" అని ఒక్కసారి కూడా రాయకుండా మొత్తం నవల నడపొచ్చు.

మొదట హైమ, కోటి ఇద్దరూ "మీరు" అనుకుంటారు, "అండీ" అనుకుంటారు. చుట్టాల ముందు కాస్త చనువు నటించాలి కాబట్టి "నువ్వు" మొదలవుతుంది. ఒంటరిగా ఉన్నప్పుడు మళ్లీ "మీరు". ఒకరోజు ఎవరూ లేని చోట "నువ్వు" జారిపోతుంది. ఇద్దరూ విన్నారు, ఎవరూ సరిదిద్దుకోలేదు. ఆ అధ్యాయానికి అంతకన్నా ముగింపు అక్కర్లేదు.

చుట్టూ ఉన్నవాళ్ల పిలుపులు కూడా మారాలి. హైమ వాళ్లమ్మ కోటిని మొదట "బాబూ" అంటుంది, తాంబూలాలయ్యాక "అల్లుడుగారు". చెల్లెలు "బావగారూ" అంటుంది. హైమ కోటి అమ్మను "అత్తయ్యగారూ" అని మొదట నాలుక తిరగక అంటుంది, తర్వాత అలవాటుగా అంటుంది, ఒకసారి గారు లేకుండా "అత్తయ్యా" అంటుంది. నిజం బయటపడిన రోజు మళ్లీ "ఏమండీ" అనాల్సి వస్తే, ఆ ఒక్క మాట చాలు.

మాటతీరు కూడా చూసుకోండి. గుంటూరు వైపు "ఏంది", "అట్టా", "చెప్పమాకు" వింటారు. బెజవాడలో "ఏంటి", "అలా" ఎక్కువ. రెండు ఊళ్ల మధ్య దూరం 35 కిలోమీటర్లే, యాస తేడా కూడా అంతే సన్నగా ఉంటుంది. అతిగా వాడితే వెక్కిరింత అవుతుంది. కోటి నాన్న నోట గట్టిగా, కోటి నోట కోపం వచ్చినప్పుడు మాత్రమే, అంతవరకు చాలు.

7. నవ్వు ఊళ్లోంచి రావాలి

జారిపడటం, కాఫీ ఒలకడం, పేరు పొరపాటు పడటం ఎక్కడైనా జరుగుతాయి. ఈ ఊళ్లోనే జరిగేది ఏమిటో వెతకండి. ఒక ఉదాహరణ.

తాంబూలాలైన వారానికే హైమ తట్టుకోలేకపోయింది. కోటి నాన్నకు నిజం చెప్పేద్దామని ఒంటరిగా గుంటూరు మిర్చి యార్డుకు వెళ్లింది. ఎండాకాలం, యార్డు నిండా టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, ఘాటు. అలవాటు లేని మనిషికి నిమిషంలో కళ్లమ్మట నీళ్లు, తుమ్ములు.

"ఏందమ్మా, ఆ కన్నీళ్లేంది? మావాడేమన్నా అన్నాడా?"

"లేదండీ మామయ్యగారూ... మీకో నిజం..." తుమ్ము.

"నిదానంగా చెప్పు."

"ఈ పెళ్లి..." రెండు తుమ్ములు, దగ్గు.

"అర్థమైందిలే అమ్మా. పుట్టిల్లు వదిలి రావాలంటే ఏ ఆడపిల్లకైనా అంతే. ఆ తేజ టిక్కీల పక్కన నిలబడమాకు, ఇట్రా. ఒరే, అమ్మాయికి మంచినీళ్లు తీసుకురా!"

ఆయన అంతటితో ఆగడు. కోడలు ఏడ్చిందని ఇంటికి ఫోన్ చేస్తాడు. సాయంత్రానికి కోటికి అమ్మ చేత చీవాట్లు, ఆదివారం హైమ ఇంటికి గుంటూరు నుంచి పదిమంది చుట్టాలు, "పిల్లకు ధైర్యం చెప్దామని". చెప్పాలనుకున్న నిజం చెప్పలేకపోయింది, ముడి ఇంకాస్త బిగిసింది. నవ్వించే ప్రతి సన్నివేశమూ ముడిని బిగించాలి. నవ్వించి ఊరుకునే సన్నివేశాలను ఎంత ఇష్టమైనా తీసేయండి.

ఇంకొన్ని చోట్లు: చెల్లెలి శుభలేఖలు పంచడానికి ఇద్దర్నీ పంపితే ప్రతి ఇంట్లోనూ కాఫీ, ప్రతి ఇంట్లోనూ "మీ శుభలేఖ ఎప్పుడు?". ఇంద్రకీలాద్రి మీద క్యూలో రెండు గంటలు నిలబడటం. వస్త్రలత బట్టల కొట్లలో పెద్దవాళ్లు బేరమాడుతుంటే ఇద్దరూ మెట్ల మీద సంచులకు కాపలా. విదేశీ నవలల్లో హోటల్లో ఒకటే గది దొరికినట్టు రాస్తారు. మన ఇళ్లలో నిశ్చితార్థమైనా అలా పంపరు. సంచుల కాపలా చాలు, మాటలు కలుస్తాయి.

8. ప్రేమ మలుపు నెమ్మదిగా

ప్రేమ ఎక్కడ పుట్టిందో పాఠకుడు వేలుపెట్టి చూపించలేకపోతే మీరు బాగా రాసినట్టు. కానీ ఇద్దరికీ తెలిసొచ్చే చోటు ఒకటి కావాలి. నేనైతే మంగళగిరి ఎంచుకుంటాను. రెండు ఊళ్లకూ మధ్యలో ఉంది, ఎవరింటికీ చెందని నేల. కొండ మీద పానకాల స్వామికి పానకం పోస్తే సగం తాగి సగం వదిలేస్తాడని నమ్మకం. పెద్దవాళ్లు మొక్కు తీర్చమని పంపారు. మిగిలిన సగం పానకం ఇద్దరూ ఒకే చెంబులోంచి తాగారు. ఏ వివరణా రాయకండి. స్వామి వదిలిన సగాన్ని పాఠకుడే చూసుకుంటాడు.

హెచ్చరిక: హీరో వెంటపడటం, వద్దన్నా వదలకపోవడం, ఆఫీసు బయట కాపు కాయడం ఇప్పటి పాఠకులు ప్రేమగా తీసుకోరు, తీసుకోకూడదు కూడా. ఈ కథకు అది అవసరమే లేదు. ఊరంతా కలిపి నిలబెడుతుంటే వెంటపడాల్సిన పని ఎవరికీ ఉండదు. దాన్ని తిరగేసి చూడండి: అందరూ తోస్తున్నప్పుడు కోటి ఒక్కడే "నీకు ఇష్టం లేకపోతే ఈ రాత్రికే నేను చెప్పేస్తాను, తప్పు నాదే అంటాను" అంటాడు. హైమ ఆ రాత్రి నిద్రపోదు.

9. నిజం బయటపెట్టడం

నిజం ఎవరి ఫోన్‌లోనో కనపడిపోవడం, తలుపు చాటున ఎవరో వినడం సులువు దారులు. వాళ్లే చెప్పాలి. చెప్పాల్సింది పందిట్లో మైకు ముందు కాదు, ఎక్కువ నష్టపోయేవాళ్లకు విడిగా, ముందుగా. మన ఉదాహరణలో హైమ మొదట చెప్పాల్సింది కోటి అమ్మకు, గాజులు తీసి చేతిలో పెట్టి. కోటి మొదట చెప్పాల్సింది హైమ నాన్నకు, ఆ అడ్వాన్స్ డబ్బు తను తిరిగి ఇస్తానని.

పెద్దవాళ్లు వెంటనే నవ్వేసి క్షమించేస్తే ఇన్నాళ్లు మీరు పెంచిన బరువంతా వృథా. కనీసం మూడు అధ్యాయాలు కోపంగా ఉండనివ్వండి. చెల్లెలి పెళ్లి మాత్రం ఆగకూడదు. హైమ పెళ్లి లేకుండా, ఒకే జంటతో ఆ పందిరి కింద జరగాలి. పెళ్లి పనుల్లో హైమ, కోటి ఒకరికొకరు ఏమీ కానివాళ్లుగా తిరుగుతుంటే అప్పుడు తెలుస్తుంది పాఠకుడికి వాళ్ల పెళ్లి ఎంత కావాలనిపిస్తోందో.

ప్రత్యామ్నాయం: ఇంట్లో ఒకరికి ముందునుంచీ తెలిసి ఊరుకున్నట్టు పెట్టొచ్చు. నాయనమ్మ అయితే బావుంటుంది. అయితే ఆవిడకు తెలుసనడానికి ముందు అధ్యాయాల్లో మూడు గుర్తులు వదలాలి. చిట్టా తీసి ఆ గుర్తులు పెట్టండి.

ఆ తర్వాత రెండోసారి పెళ్లిచూపులు. ఈసారి పద్ధతిగా, కోటి తన పెద్దవాళ్లతో వచ్చి అడగాలి. హైమ నాన్న "ఆలోచించుకుని చెప్తాం" అనాలి.

ఎక్కువగా కనిపించే తప్పులు

ఒప్పంద పత్రం రాసుకుని సంతకాలు పెట్టడం. మన మనుషులు అలా చేయరు. నోటిమాట అనుకుంటారు, ఆ మాట ఎవరికి ఎలా అర్థమైందన్నది తర్వాత గొడవవుతుంది. అదే కథకు మేలు.

పాత ప్రియురాలో ప్రియుడో పదిహేనో అధ్యాయంలో దిగడం. కథ ముందుకు కదలకపోతేనే రచయితలు ఇది చేస్తారు. రెండో మెట్టు మళ్లీ చేయండి.

కోటి నాన్నను యార్డు వదిలేసి రోజూ ఇంట్లో కూర్చోబెట్టడం. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా మిర్చి సీజన్‌లో ఆయనకు ఊపిరాడదు. పెళ్లిమాటలు ఫోన్‌లోనే, వేలం కేకల మధ్య, సగం వినపడీ వినపడక జరగాలి.

బెజవాడ నుంచి గుంటూరుకు పది నిమిషాల్లో చేరిపోవడం. తాడేపల్లి, మంగళగిరి, కాజ టోల్‌ప్లాజా దాటి వెళ్లేసరికి బస్సులో మామూలుగా గంట పడుతుంది. ఆ గంటలో ఒక మంచి సంభాషణ పడుతుంది, పారేసుకోకండి.

అందరూ ఒకే తెలుగు మాట్లాడటం. దీనికి మందు ఒకటే. ఒక పేజీలో "అన్నాడు", "అంది" కొట్టేసి పైకి చదవండి. ఎవరి మాట ఏదో తెలియకపోతే తిరగరాయండి.

పూర్తయ్యాక పరీక్షలు

ప్రతిని రెండు వారాలు పక్కన పెట్టండి. తర్వాత ముగ్గురికి ఇవ్వండి: మీ వయసువాళ్లు ఒకరు, పెళ్లయి ఇరవై ఏళ్లయినవాళ్లు ఒకరు, గుంటూరు మనిషి ఒకరు. బావుందా అని అడగకండి, బావుందనే అంటారు. మూడు ప్రశ్నలు అడగండి. ఏ పేజీ దగ్గర పుస్తకం కింద పెట్టారు? "చెప్పేయొచ్చు కదా" అని ఎక్కడ అనిపించింది? ఎవరి మీద జాలేసింది?

రెండో ప్రశ్నకు ముగ్గురూ ఒకే చోటు చూపిస్తే అక్కడ ముడి వదులుగా ఉంది. ఆ అధ్యాయానికి ముందు ఎవరి చేతైనా ఏదైనా ఇప్పించండి, చీరో, డబ్బో, మాటో. మూడో ప్రశ్నకు హైమ, కోటి పేర్లే వస్తే పెద్దవాళ్లు ఇంకా బొమ్మల్లాగే ఉన్నారని అర్థం. కోటి అమ్మ పేరు ఒక్కరైనా చెప్పేదాకా ఆవిడ సన్నివేశాలు మళ్లీ రాయండి.

చివరిగా అచ్చు సంగతి. యూనికోడ్ ప్రతిని ప్రెస్సులో యూనికోడ్ కాని అను ఫాంట్లలోకి మార్చేటప్పుడు వత్తులు, పొల్లులు అక్కడక్కడా చెడతాయి. ప్రూఫ్ మీరే, కాగితం మీద, పైకి చదువుతూ చూసుకోండి. "మీరు", "నువ్వు" ఉన్న ప్రతి చోటా పెన్సిల్‌తో గీత పెట్టి, ఆరో మెట్టులో మీరు అనుకున్న వరుసలోనే మారుతున్నాయో లేదో సరిపోల్చండి.